చేపల తొట్టిని కడగకండి

(హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం ఉదయం, ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఉండే విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనకాల వాళ్ళకి? సరే.

నన్ను మాట్లాడమన్నది కింద లాబీలో ఉన్న చేపల తొట్టి గురించి. ఈ ఏడాదిలో అందులో చేపలు మూడుసార్లు పోయాయి. మూడుసార్లూ మన మెయింటెనెన్స్ డబ్బుతో కొత్తవి కొన్నాం. పోయినవారం మీటింగులో, "ఈ తొట్టి మనకి అచ్చిరాలేదు, తీసేద్దాం" అన్నారు. ఒకరైతే వాస్తు చూపిద్దామన్నారు. (నవ్వులు) వాస్తు సంగతి నాకు తెలియదు గానీ, వాచ్‌మన్ దగ్గరున్న రిజిస్టరు తీసి తేదీలు చూశాను. మూడుసార్లూ ఒకటే కథ. తొట్టి కడిగారు, మూడో రోజో నాలుగో రోజో చేపలు తేలాయి.

నెలకోసారి వచ్చి కడిగే అబ్బాయిని ఏమీ అనకండి. పాపం చాలా శ్రద్ధగా చేస్తాడు. ఆ శ్రద్ధే కొంప ముంచుతోంది. చేపల్ని బకెట్లోకి తీస్తాడు. నీళ్ళన్నీ పారబోస్తాడు. రంగురాళ్ళు తట్టలోకి ఎత్తి, కొళాయి కింద పెట్టి, తేట నీళ్ళు వచ్చేదాకా కడుగుతాడు. ఫిల్టర్ స్పాంజిని పిండి పిండి కొత్తదానిలా చేస్తాడు. అద్దాలు పీచుతో తోముతాడు. మళ్ళీ నిండా కొత్త నీళ్ళు. సాయంత్రానికి తొట్టి పెళ్ళికి ముస్తాబైనట్టు ఉంటుంది. మనం ఫోటో తీసి గ్రూపులో పెడతాం, అందరూ దండాలూ చప్పట్లూ పంపుతారు. మూడో రోజు వాచ్‌మన్ పొద్దున్నే వల పట్టుకుని చచ్చిన చేపలు ఏరుతుంటాడు.

నేనూ ఇదే పని చేశాను. పాతికేళ్ళ కిందటి మాట. దసరాకి ఇల్లు దులుపుతున్నాం. ఇల్లంతా దులుపుతున్నప్పుడు తొట్టిని మాత్రం ఎందుకు వదలాలని మా ఆవిడా నేనూ కలిసి దాన్నీ కడిగాం. ఎనిమిది చేపలుండేవి. విజయదశమి నాటికి రెండు మిగిలాయి. నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ణండీ! నత్రజని వలయం బోర్డు మీద బాణం గుర్తులతో సహా గీసి పిల్లల చేత బట్టీ పట్టించేవాణ్ణి. మా ముందుగదిలో ఉన్న అదే వలయాన్ని నా చేతులతో నేనే తెంపేశానని తెలియడానికి రెండు నెలలు పట్టింది.

సంగతేమిటంటే, చేప తన ఒంట్లో తయారయ్యే నత్రజని వ్యర్థాన్ని చాలామటుకు మొప్పల గుండా అమ్మోనియాగా వదిలేస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియాయే. నదిలో అయితే కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా తిని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కాస్త నెమ్మది సరుకు, కొంతవరకు చేపలు ఓర్చుకుంటాయి. ఈ బాక్టీరియా నీళ్ళలో ఉండేది తక్కువ. రాళ్ళ మీద, స్పాంజి బెజ్జాల్లో, అద్దం మీద జిగురు పొరలా అంటుకుని ఉంటుంది. చేత్తో రుద్దితే మనకి "ఛీ, పాచి" అనిపిస్తుంది చూడండి, అందులో ఉంటుంది.

పైగా ఇది చాలా నిదానంగా పెరిగే జీవి. మామూలు బాక్టీరియాలో కొన్ని ఇరవై నిమిషాలకే రెట్టింపవుతాయి. వీటికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదుటపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది. మనం నెలకోసారి రాళ్ళూ స్పాంజీ క్లోరిన్ నీళ్ళతో కడిగేశామంటే, ప్రతి నెలా మొదటికే వస్తున్నామన్నమాట. పెరుగు గిన్నె తోమేటప్పుడు అడుగున ఉన్న తోడు కూడా కడిగేస్తే రేపు పెరుగు ఎక్కడిది? అదీ మన లాబీ తొట్టి కథ.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పనివ్వండి, కెమిస్ట్రీ వాణ్ణి కదా. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అని ఒక రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1850లో ఆయన అక్కడి కెమికల్ సొసైటీకి ఒక ప్రయోగం గురించి రాసి పంపాడు. గాజు తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా అనే నీటి మొక్క. కొన్నాళ్ళకు ముదిరిన ఆకులు కుళ్ళి నీళ్ళు మురికవడం మొదలైంది. ఆయన తొట్టి కడగలేదు. నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తినేశాయి, తొట్టి తేరుకుంది. అక్వేరియం చరిత్ర చెప్పేవాళ్ళు తప్పకుండా తలుచుకునే ప్రయోగం అది. ఇందులో నాకు నచ్చే విషయం ఇంకొకటుంది. ఆయన కొడుకు పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. కొడుకు రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పొలం మట్టి మీద ఏళ్ళ తరబడి పనిచేసి, అమ్మోనియా నైట్రేట్‌గా మారేది రెండు దశల్లో అనీ, ఆ రెండు పనులూ చేసేవి వేరువేరు సూక్ష్మజీవులనీ చూపించాడు. తండ్రి తొట్టి పెట్టాడు, ఆ తొట్టి ఎలా బతుకుతుందో కొడుకు మట్టిలో కనిపెట్టాడు. సరే, మన పనికి వద్దాం.

కడగొద్దంటే ఏమీ చెయ్యొద్దని కాదు. వారానికోసారి కొంచెం నీళ్ళు మార్చాలి. ఎంత? పాతిక శాతం. మన లాబీ తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. నాలుగున్నర ఘనపు అడుగులు, అంటే 127 లీటర్లు. రాళ్ళూ పైన వదిలే ఖాళీ తీసేస్తే 110 లీటర్ల నీళ్ళుంటాయి. అందులో పావు వంతు 27 లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్లు రెండు, నిండుకు కాస్త తక్కువగా. ఇరవై నిమిషాల పని.

పాతికే ఎందుకు, పది శాతం చాలదా అని నన్ను చాలామంది అడుగుతారు. ఒక చిన్న లెక్క చెప్తాను. మీ తొట్టిలో వారానికి పది పీపీఎం, అంటే లీటరుకి పది మిల్లీగ్రాముల నైట్రేట్ చేరుతోందనుకోండి. ప్రతి వారం పది శాతం నీళ్ళే మారిస్తే నైట్రేట్ పెరుగుతూ పెరుగుతూ వంద దగ్గర ఆగుతుంది. అక్కడికి వెళ్ళాక గానీ మీరు తీసేదీ, చేపలు చేర్చేదీ సమానం కావు. పాతిక శాతం మారిస్తే నలభై దగ్గర ఆగుతుంది. సగం మారిస్తే ఇరవై. వడ్డీ లెక్కలాంటిదే, తీర్చే వాయిదా చిన్నదైతే బాకీ పెద్దదిగా నిలబడుతుంది. నలభై లోపు ఉంటే మామూలు చేపలకు ఇబ్బంది లేదు. గోల్డ్‌ఫిష్ ఉన్నవాళ్ళు మాత్రం ఇంకాస్త ఎక్కువే మార్చండి, అది తినేదీ ఎక్కువ, విసర్జించేదీ ఎక్కువ.

నీళ్ళు పైపైన మగ్గుతో తోడకండి. సైఫన్ పైపు తెచ్చుకోండి. ఒక చివర వెడల్పు గొట్టం ఉంటుంది, దాన్ని రాళ్ళలోకి గుచ్చితే రాళ్ళు లేచి తిరుగుతాయి, వాటి మధ్య ఉన్న మలం, కుళ్ళిన మేత నీళ్ళతోపాటు బకెట్లోకి వచ్చేస్తాయి, బరువుగా ఉన్న రాళ్ళు కిందికి పడిపోతాయి. ఈ వారం ఎడమ సగం, వచ్చే వారం కుడి సగం. మొత్తం ఒకే రోజు కెలకొద్దు. నోటితో పీల్చి నీళ్ళు లాగేవాళ్ళున్నారు, నేనూ పీల్చాను, రుచి కూడా చూశాను. (నవ్వులు) ఇప్పుడు రబ్బరు బుర్రతో వస్తున్నాయి, అదే కొనుక్కోండి. వచ్చిన నీళ్ళు పారబొయ్యొద్దు. మా కరివేపాకు చెట్టు ఆ నీళ్ళమీదే బతుకుతోంది.

ఒక పొరపాటు చాలా ఇళ్ళలో చూస్తున్నాను. "మేము వారం వారం నీళ్ళు పోస్తూనే ఉన్నాం కదండీ" అంటారు. పోస్తున్నారు, తియ్యడం లేదు. ఆవిరైపోయినంత పోస్తున్నారు. సాంబారు మరిగిపోయాక నీళ్ళు పోసి, అదీ మరిగాక మళ్ళీ పోసి, అడుగునున్న ఉప్పు ఎక్కడికి పోతుంది? ఆవిరయ్యేది ఉత్త నీరే. లవణాలు, నైట్రేట్లు తొట్టిలోనే ఉండి చిక్కబడతాయి. మన బోరు నీళ్ళతో అయితే ఇది మరీ తొందరగా జరుగుతుంది. అద్దం మీద నీటి అంచున తెల్లటి గీత కడుతుంది చూశారా, అదీ ఆ లవణాల పనే. దాన్ని గోకకండి. నీళ్ళు కిందికి దించినప్పుడు నిమ్మచెక్కతో రుద్ది తడిబట్టతో తుడవండి, పోతుంది. రసం నీళ్ళలో పడకుండా చూసుకోండి.

ఇప్పుడు మన నీళ్ళ గురించి. ఇది పుస్తకాల్లో దొరకదు, యూట్యూబులో అమెరికా వాళ్ళు చెప్పరు. మన సంపులో ఏం నీళ్ళుంటాయి? జలమండలి నీళ్ళు, బోరు నీళ్ళు, ఏప్రిల్ వచ్చిందంటే ట్యాంకర్ నీళ్ళు. ఏ రోజు ఏది ఎంత కలిసిందో వాచ్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. కృష్ణా నీళ్ళు, గోదావరి నీళ్ళు కాస్త మెత్తగా ఉంటాయి, అంటే లవణాలు తక్కువ. బోరు నీళ్ళు గట్టివి, లవణాలు ఎక్కువ. మా ఫ్లాట్ కొళాయి నీళ్ళు నేను వారం వారం టీడీఎస్ మీటరుతో కొలుస్తాను, నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చెప్తుంది అది. ఒక వారం 300 వస్తే, ఇంకో వారం 800 వచ్చిన రోజులున్నాయి. మీరు ఏ పాపం ఎరక్కుండా పాతిక శాతం మార్చినా, చేపకి అది ఊరు మారినట్టే. కొన్ని వందల రూపాయల మీటరు, పెన్నులా ఉంటుంది, కొనండి. తొట్టి నీళ్ళకీ కొత్త నీళ్ళకీ బాగా తేడా ఉంటే ఆ రోజు సగం బకెట్టే పొయ్యండి, మిగతాది రెండ్రోజులాగి పొయ్యండి.

క్లోరిన్ సంగతి. మనం తాగడానికి అది మంచిది, చేప మొప్పలకీ మన బాక్టీరియాకీ అది యాసిడ్ లాంటిది. బకెట్లో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. ఎయిర్ పంపు గొట్టం అందులో వేస్తే ఇంకా తొందరగా పోతుంది. అంత ఓపిక లేకపోతే షాపులో యాంటీ క్లోరిన్ అని చుక్కల మందు ఉంటుంది. అందులో ఉండేది సాధారణంగా సోడియం థయోసల్ఫేట్, పాతకాలం ఫోటో స్టూడియోల్లో హైపో అనేవారే, అదే. సీసా మీద రాసినంత వేస్తే నిమిషాల్లో పని అవుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మన ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగి బ్లీచింగ్ వేసిన రోజు, ఆ మర్నాడు తొట్టి జోలికి పోవద్దు. గ్రూపులో మెసేజి వస్తుంది కదా, ఆ వారం నీళ్ళు మార్చకపోయినా చేపలేమీ అనుకోవు. ఇంకోటి, మే నెలలో మధ్యాహ్నం కొళాయి తిప్పితే వేడినీళ్ళే వస్తాయి. తెల్లవారుజామున పట్టి ఉంచుకోండి.

మన బ్లాకులో ఒకాయన చేపలకు కూడా ఆర్‌ఓ నీళ్ళే పోస్తున్నారు. ప్రేమ కొద్దీ పోస్తున్నారు. కానీ ఆ బాక్టీరియా అమ్మోనియాను మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. మామూలు నీళ్ళలో ఉండే బైకార్బనేట్ దాన్ని అణిచిపెడుతుంది. ఆర్‌ఓ నీళ్ళలో అదీ, మిగతా లవణాలూ దాదాపు ఉండవు. పీహెచ్, అంటే ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె, జారి జారి ఒకరోజు ఢమాలున పడిపోతుంది. మరీ గట్టి నీళ్ళయితే సగం ఆర్‌ఓ, సగం కొళాయి కలుపుకోండి. లేదా మన నీళ్ళకు తగ్గ చేపల్నే పెంచుకోండి. గప్పీలు, మోలీలు, ప్లాటీలు గట్టి నీళ్ళంటే ఇష్టపడతాయి. బోరు నీళ్ళతో, మెత్తటి నీళ్ళు కోరే డిస్కస్ చేపల్ని పెంచుతాననేవాళ్ళకి నేను దండం పెడతాను.

(సభలో ఒకరు: మా తొట్టి నీళ్ళు ఏడాదిగా మార్చలేదు సార్, చేపలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు మార్చాలా?)

మంచి ప్రశ్న అడిగారు. మార్చాలి, కానీ రేపే సగం తీసి పొయ్యొద్దు, చేపలు పోతాయి. ఎందుకో చెప్తాను. ఏడాదిలో మీ తొట్టిలో ఆమ్లం పెరిగి పీహెచ్ ఆరుకు దిగిపోయి ఉండొచ్చు. అంత కిందికి దిగితే బాక్టీరియా దాదాపు పని మానేస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు చావవు, ఎందుకంటే ఆమ్లపు నీళ్ళలో అమ్మోనియా అమ్మోనియం అనే సాధువు రూపంలో ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే మొత్తంలో అర శాతమే విషరూపం. అదే 8 అయితే 5 శాతం దాటుతుంది, పది రెట్లు. మీరు ఒక్కసారిగా మన బోరు నీళ్ళు సగం పోశారనుకోండి. పీహెచ్ పైకి లేస్తుంది, అక్కడున్న సాధువులందరూ ఒక్క గంటలో రాక్షసులైపోతారు. అప్పుడు మీరేమంటారు? "ఏడాది మార్చకపోతే బాగున్నాయి, మార్చిన రోజే చచ్చాయి, నీళ్ళు మార్చకూడదు" అంటారు. ఈ మాట నేను కనీసం పదిమంది నోట విన్నాను. రోజు విడిచి రోజు పది శాతం చొప్పున, రెండు మూడు వారాలు మార్చుకుంటూ రండి. ఆ తర్వాత మామూలుగా వారం వారం పాతిక.

ఫిల్టర్ విషయం. స్పాంజిని కొళాయి కింద పెట్టకండి. సైఫన్‌తో తీసిన పాత నీళ్ళు బకెట్లో ఉంటాయి కదా, అందులోనే మూడు నాలుగుసార్లు నొక్కి వదలండి. నీళ్ళు టీ రంగుకు వస్తాయి. అంతే, చాలు. స్పాంజి తెల్లబడాల్సిన పని లేదు, నీళ్ళు ధారాళంగా వెళ్ళాలి అంతే. నెలకో, నెలన్నరకో, ధార తగ్గినప్పుడు చేస్తే సరిపోతుంది. అది చేసిన వారం రాళ్ళు కెలకొద్దు. చిరిగిపోయి మార్చాల్సి వస్తే పాత స్పాంజి పక్కనే కొత్తది కూడా పెట్టి నెల రోజులు నడపండి. కరెంటు పోతే? లిఫ్టుకి జనరేటరు ఉంది గానీ తొట్టి ప్లగ్గుకి లేదు. స్పాంజి ఫిల్టరు తొట్టి లోపలే ఉంటుంది కాబట్టి రెండు మూడు గంటలు పరవాలేదు. మూతపెట్టిన డబ్బా ఫిల్టరు బయట ఉన్నవాళ్ళు జాగ్రత్త. నాలుగైదు గంటలు ఆగిపోతే అందులో ప్రాణవాయువు అయిపోయి బాక్టీరియా చచ్చి నీళ్ళు కంపు కొడతాయి. కరెంటు రాగానే ఆ కంపు నీళ్ళు నేరుగా తొట్టిలోకి వస్తాయి. ముందు డబ్బా విప్పి ఆ నీళ్ళు పారబోసి అప్పుడు స్విచ్ వెయ్యండి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఒకటి ఉండాలి.

మేత. అసలు సగం రోగాలు ఇక్కడే ఉన్నాయి. మా బావగారికి ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి. అక్కడ చెరువులో వెదురు గెడలు పాతి, తవుడు నింపిన సంచులకు బెజ్జాలు పెట్టి వాటికి కడతారు. చేప వచ్చి మూతితో పొడుచుకుని కావలసినంత తింటుంది. ఎవరూ గుప్పిళ్ళతో విసరరు. రొయ్యల చెరువులైతే ఇంకా లెక్క. మేత చల్లి, కొంచెం చెక్ ట్రే అనే పళ్ళెంలో పెట్టి నీళ్ళలోకి దించుతారు. రెండు గంటలాగి పైకి తీసి చూస్తారు. మిగిలిందా, మర్నాడు మేత తగ్గిస్తారు. లక్షల పెట్టుబడి పెట్టిన రైతు అంత పిసినారిగా మేత వేస్తుంటే, ఆరు చేపలున్న మనం డబ్బా మూత తీసి వొంపేస్తాం. ఒకసారి బావగారు మా ఇంటికొచ్చి, నేను మేత వెయ్యడం చూసి, "చెరువైతే ఈపాటికి నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు నాలుగు తిరగాలి బావా" అన్నారు. ఆ రోజు సిగ్గేసింది.

రెండు నిమిషాల్లో పూర్తిగా తినేసేంత వెయ్యండి. లాబీలో పిల్లలందరూ తలా చిటికెడు వేస్తున్నారు, ముచ్చటగానే ఉంటుంది, కానీ అది రోజుకి పదిహేను భోజనాలు. డబ్బా ఇకనుంచి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, రోజుకి ఒక ఫ్లాట్ పిల్లలు వెయ్యండి, వంతులు రాసిపెడతాను. వారంలో ఒకరోజు అసలు మేత లేదు. మా ఆవిడ దాన్ని చేపల ఏకాదశి అంటుంది. వాటికేమీ కాదు. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు కూడా భయపడకండి. పెద్ద చేపలు వారం రోజులు ఏమీ తినకుండా హాయిగా ఉంటాయి. పక్కింటివాళ్ళకి డబ్బా అప్పగించి వెళ్ళారో, వాళ్ళు పాపం జాలితో రోజూ రెండు పూటలా వేస్తారు. మాకు ఒక సంక్రాంతికి అదే జరిగింది. తిరిగొచ్చేసరికి నీళ్ళు కుడితిలా ఉన్నాయి. ఎవరికన్నా అప్పగించాల్సి వస్తే, ఆయుర్వేదం మందులా రోజుకో పొట్లం కట్టి ఇవ్వండి. డబ్బా మాత్రం దాచెయ్యండి.

ఒక మాట, ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. దోమల మందులు. ప్లగ్గులో పెట్టే లిక్విడ్, కాయిల్, బొద్దింకల స్ప్రే, వీటిలో చాలావాటిలో ఉండేది పైరిత్రాయిడ్ జాతి మందు. మనుషులకి అంతగా హాని చెయ్యదు గానీ చేపలకి చాలా చాలా విషం. ఎయిర్ పంపు ఏం చేస్తుంది? గదిలో గాలి పీల్చి నీళ్ళలోకి పంపుతుంది. మీరు పంపు పక్కనే లిక్విడ్ ప్లగ్గు పెడితే రాత్రంతా మందు నీళ్ళలోకి కొట్టినట్టే. మన లాబీలో సరిగ్గా అలాగే ఉంది, ఒకే స్విచ్ బోర్డు. నిన్న నేనే తీసేశాను, ఎవరన్నా వెతుక్కుంటుంటే నా దగ్గరుంది. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వచ్చే రోజు తొట్టి మీద తడి దుప్పటి కప్పి, పంపు ఆపి, కిటికీలు తీసి గాలి మారాక మళ్ళీ వెయ్యండి. అలాగే తొట్టి బకెట్టు తొట్టికే. దాంట్లో సర్ఫు కలిపారంటే అది ఇక చేపలకు పనికిరాదు. చెయ్యి పెట్టేముందు శానిటైజరు, క్రీము లేకుండా ఉత్త నీళ్ళతో కడుక్కోండి. ప్లగ్గులన్నీ ఆపి అప్పుడు చెయ్యి పెట్టండి. వైరు తొట్టి నుంచి తిన్నగా బోర్డులోకి పోకుండా, మధ్యలో కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా ఉంచండి. తడి వైరు వెంట జారినా బొట్టు నేలమీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు.

(ఒక చిన్న పాప: తాతగారూ, చేపలు నిద్రపోతాయా?)

పోతాయమ్మా. కళ్ళు ముయ్యవు, వాటికి రెప్పలు లేవు కదా. ఒక మూల కదలకుండా నిలబడి పడుకుంటాయి. కానీ మన లాబీలో పాపం ఎలా పడుకుంటాయి? తొట్టి లైటు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. అందంగా ఉంటుందని ఆపడం లేదు. అద్దాలు పచ్చబడుతున్నాయని మళ్ళీ కడిగిస్తున్నాం. పచ్చబడేది ఆ లైటు వల్లే. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. టైమర్ ప్లగ్గు పెడదాం. అద్దం మీద పట్టిన నాచు పాత ఏటీఎం కార్డుతో గీస్తే వచ్చేస్తుంది. చూసే వైపు మాత్రం గియ్యండి, వెనక అద్దం మీదది వదిలెయ్యండి, అది నైట్రేట్ తింటుంది, గప్పీలు దాన్ని గిల్లుకు తింటాయి.

నాచు తింటుందని షాపులో సక్కర్ చేపను అంటగడతారు. వేలెడు ఉంటుంది అప్పుడు. అడుగు దాటి పెరుగుతుంది, నాచు తినడం తగ్గిస్తుంది, మలం మాత్రం తాడులా వదులుతుంది. ఇంట్లో పట్టక జాలిపడి తీసుకెళ్ళి చెరువులోనో కాలువలోనో వదిలేస్తారు. దక్షిణ అమెరికా చేప అది, ఇక్కడ దాన్ని తినేవి పెద్దగా లేవు. ఇవాళ ఆంధ్రలో కాలువల్లో, చెరువుల్లో వలలు చింపుతున్న దెయ్యం చేప ఇదే. పెంచలేకపోతే షాపుకి తిరిగి ఇచ్చెయ్యండి, ఇంకెవరికన్నా ఇవ్వండి. నీళ్ళలోకి మాత్రం వదలకండి.

(ఒకరు: ఉప్పు వెయ్యమంటారా?)

ప్రతి వారం గుప్పెడు వెయ్యమని షాపులో చెప్తారు, వద్దు. ఉప్పు ఆవిరి కాదు, పేరుకుంటుంది. నైట్రైట్ పెరిగి చేపలు రొప్పుతున్నప్పుడు మాత్రం కాస్త ఉప్పు పనిచేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్, మొప్పల దగ్గర నైట్రైట్‌కి దారి ఇవ్వదు. అది అత్యవసరం మందు, రోజూ వేసుకునే టానిక్ కాదు.

ఎండాకాలం గురించి రెండు మాటలు చెప్పి ఆపేస్తాను. 25 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పడుతుంది. 32 డిగ్రీలకి అది 7 చిల్లరకి పడిపోతుంది. చేపకేమో వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆకలి అనుకుని మేత వేస్తారు కొందరు. ఆకలి కాదు, ఊపిరాడటం లేదు. మా బావగారి చెరువు మీదైనా అదే సమయానికి కాపలావాడు టార్చి పట్టుకుని తిరుగుతాడు. మూత తీసి, నీటి మీదుగా గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, మన కూజా చల్లబడ్డట్టే. ఐసు గడ్డలు పడెయ్యకండి. చలికాలంలో హీటరు వాడేవాళ్ళు, నీళ్ళు తియ్యడానికి పదిహేను నిమిషాల ముందే దాని స్విచ్ ఆపాలి. వేడి గాజు గొట్టం నీళ్ళలోంచి బయటికి తేలితే టప్పున పగులుతుంది.

మా ఇంట్లో తొట్టి పదకొండేళ్ళుగా నడుస్తోంది. ఈ పదకొండేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా ఖాళీ చెయ్యలేదు. పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే నీళ్ళు మార్చిన రోజు చుక్క పెడతాం. మా ఆవిడ రోజూ పొద్దున కాఫీ తాగుతూ చేపల్ని లెక్కపెడుతుంది. ఒకటి తక్కువైతే రాళ్ళ వెనక ఎక్కడో చచ్చి పడి ఉందన్నమాట. వెంటనే వెతికి తీసేస్తాం, ఒక్క రోజు వదిలితే మిగతావాటికి అమ్మోనియా తగులుతుంది.

ఈ కవర్లో ఉన్నది ఏమిటనుకుంటున్నారు? మా తొట్టిలో స్పాంజి. అసహ్యంగా ఉంది, తెలుసు. తడి ఆరకుండా మా తొట్టి నీళ్ళలోనే తెచ్చాను. లాబీలో ఇంకా నాలుగు చేపలు ప్రాణాలతో ఉన్నాయి, వాటి ఫిల్టరు పక్కన దీన్ని తోడు పెడదాం. రెండు బకెట్లు నిన్న పొద్దున్నే పట్టి ఉంచమని వాచ్‌మన్‌కి చెప్పాను. పిల్లలు ముందు రండి. సైఫన్ పైపు ఎవరు పట్టుకుంటారు? ముందు స్విచ్‌లు ఆపండమ్మా, చెయ్యి తర్వాత.